తువ్వాళ్ల మూట

పోయిన నెలలో చలి మొదలవుతుంటే దుప్పట్లు తీద్దామని అటక మీది పెట్టె దించాను. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. మా కోడలు ముక్కు మూసుకుని అవతలికి వెళ్లింది. నేను ఆ పెట్టె ముందు అలాగే కూర్చుండిపోయాను. నాకు అది దుప్పట్ల వాసన కాదు, బాప్తిస్మపు వాసన.

మా పల్లె గుడిలో, పాస్టరుగారు నిలబడి వాక్యం చెప్పే బల్ల వెనక ఒక ఆకుపచ్చ ట్రంకు పెట్టె ఉండేది. గొళ్లెం ఊడిపోతే కొబ్బరి తాడుతో కట్టి ఉంచేవారు. బాప్తిస్మం తీసుకునేవాళ్ల తెల్లబట్టలు అందులో ఉండేవి. మగవాళ్లకు పంచె, చొక్కా. ఆడవాళ్లకు దళసరి చీర, మోచేతుల దాకా వచ్చే రవిక. సంఘం అందరికీ కలిపి కుట్టించిన బట్టలు కనుక ఎవరికీ అమరేవి కావు. బక్కపిల్ల వేసుకుంటే భుజాలు జారేవి, లావుపాటి అత్త వేసుకుంటే గుండీలు పట్టేవి కావు. ముందు రోజు పాస్టరమ్మగారు వాటిని గుడి వెనక కంప మీద ఆరవేసేది. ఎంత ఎండకు వేసినా ఆ వాసన పోదు. ఏట్లో ముంచి తీసినా పోదు.

ఆ వాసన వెంటే మా బాబాయి కూడా వస్తాడు, చంకలో తువ్వాళ్ల మూటతో. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

*

మాది గుండ్లకమ్మ ఒడ్డు. ఊరు వేరు, పల్లె వేరు, మధ్యలో తుమ్మచెట్ల డొంక. మా వాళ్లు ఆ నదిని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. ఏరు అనేవారు, అంతే. సండే స్కూల్లో ఎక్కాల కంటే ముందు మాకు పట్టుబడిన అంకె 2,222. 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర, ఇదే ఏట్లో ఒక్క రోజున బాప్తిస్మానికి మునిగి లేచినవాళ్ల లెక్క అది. ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టు ఇళ్లలో పుట్టిన ఏ పిల్లను నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

మా నాయనమ్మ దాన్ని తన కళ్లతో చూసినట్లు చెప్పేది. నిజానికి ఆ రోజు మునిగింది వాళ్ల అవ్వ. అయినా కథ పొడుగునా 'మేము' అనే అనేది. అప్పటి ధాత నామ సంవత్సరపు కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత దూరం కాంట్రాక్టు తీసుకుని మా వాళ్లకు పని చూపించాడు. చలువ పందిళ్ల కింద, పలుగూ పారా పక్కన పెట్టిన వేళ, బోధకులు వాక్యం చెప్పేవారు. నమ్మాం, బాప్తిస్మం ఇవ్వండి అని జనం అడిగితే, దొర ఆ పని సాగినన్నాళ్లూ ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని. "కూలి డబ్బులు ఆగిపోయాకే మునిగాం మేము" అని నాయనమ్మ వేలు చూపించి మరీ చెప్పేది. ఊళ్లోవాళ్లు ఎప్పుడైనా 'గంజికి కలిసినవాళ్లు' అని ఎగతాళి చేసిన రోజున ఈ కథ ఇంకాస్త పొడుగయ్యేది.

అందులో ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన భాగం వేరే ఉంది. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చారట. "దొర గట్టు మీదే ఉన్నాడు. ముంచింది మన తెలుగువాళ్లే."

ఆ తొలినాటివాళ్లకు మూడే కట్టడలు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ గొడ్డు చస్తే మోసుకుపోవడం, తోలు తీయడం, అమ్మవారి కొలుపులకు డప్పు కొట్టడం ఊరు మాదిగల మీద పెట్టిన పని. ఆదివారం పొలానికి రానన్నా, డప్పు ముట్టనన్నా, ఆ కబురు సాయంత్రానికి ఊరంతా తెలిసేది. ఇక నీవు ఎవరిని నమ్ముకున్నావో వేరే చెప్పనవసరం లేదు. పొయ్యి మీద ఏమి ఉడకడం లేదో చూస్తే చాలు. నాయనమ్మ లెక్కలో ఒప్పుకోలు అంటే అది. మేము గుడిలో అప్పజెప్పే సాక్ష్యాలు ఆమెకు పెద్దగా ఆనేవి కావు. "నోరున్న ప్రతివాడూ చెబుతాడు" అనేది.

*

బాప్తిస్మానికి ముందు శనివారం రాత్రి పరీక్ష. పెట్రొమాక్స్ లైటు 'సుయ్'మని మోగుతుంటే సంఘ పెద్దలు బెంచీ మీద, మునగబోయేవాళ్లు ఈత చాపల మీద, మిగతా పల్లె అంతా గోడల వెంట. పాస్టరుగారు బైబిల్లో రోమా పత్రిక పదో అధ్యాయం తీసి "యేసు ప్రభువని నీ నోటితో ఒప్పుకొని" అన్న చోట ఆగి, కళ్లద్దాల మీదుగా అందరినీ చూసేవారు. నోటితో అన్న మాట దగ్గర ఆయన గొంతు ఒక మెట్టు ఎక్కేది.

తరువాత ప్రశ్నలు. యేసు ఎవరు? నీ కోసం ఏమి చేశాడు? తాగుడు మానావా? జాతరకు పోతావా? ఆ తరువాత ఒక్కొక్కరు నిలబడి సాక్ష్యం చెప్పాలి. అది అయ్యాక, "అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చు" అని పాస్టరుగారు సంఘం వైపు తిరిగేవారు. అభ్యంతరం లేకపోతే అందరూ చేతులు ఎత్తాలి. మామూలుగా అది మొక్కుబడి. ఒకసారి మాత్రం ఒక మామ లేచి, "ఇతను నా దగ్గర రెండు బస్తాల జొన్నలు తీసుకుని మూడేళ్లయింది" అన్నాడు. ఆ రాత్రి అతని పేరు కొట్టేశారు. మరుసటి ఏడాది అతను మునిగాడు. జొన్నలు ముట్టాయో లేదో తెలియదు కానీ మామ చేయి మాత్రం అందరికంటే ముందు లేచింది.

నాకు మరిచిపోలేని సాక్ష్యం ఒక అవ్వది. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి, ఒంటరిది. "నీ పాపాలు ఏమిటో ఒప్పుకోమ్మా" అని ఒక పెద్ద అడిగాడు. మేమంతా ఎప్పటి పాఠమే వస్తుందనుకున్నాం. అవ్వ చీర కొంగు సర్దుకుని చెప్పింది. "నూర్పిళ్లప్పుడు కళ్లంలో గింజలు కొంగులో ముడి వేసుకుని తెచ్చేదాన్ని. ఒక్కసారి కాదు. పిల్లలు బతికి ఉన్నన్నాళ్లూ తెచ్చాను. వాళ్లు పోయాక మానేశాను. చెప్పవయ్యా, అది పాపమేనా?"

లైటు శబ్దం తప్ప గుడిలో చప్పుడు లేదు. అడిగిన పెద్ద పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు పుస్తకంలోకి చూశారు. కాసేపటికి ఆయనే, "తరువాతివాళ్లు లేవండి" అన్నారు. అవ్వ మాత్రం జవాబు రాలేదని నిలబడే ఉంది. మా అమ్మ వెళ్లి చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. అంత నిజమైన మాట ఆ గుడిలో నేను మళ్లీ వినడానికి చాలా ఏళ్లు పట్టింది.

*

నా సంగతి చెప్పాలంటే సిగ్గు. నాకు అప్పుడు పద్నాలుగేళ్లు ఉంటాయి. మా పెద్దమ్మ కూతురు అంతకు ముందు ఏడాది రాసుకున్న నోటుబుక్కు నా చేతికి వచ్చింది. 'నేను ఘోరమైన పాప జీవితములో ఉండగా' అని మొదలు. ఆ వాక్యం పల్లెలో ఎన్ని చేతులు మారిందో! మీసాలు రాని పిల్లలు, పరికిణీ కట్టిన పిల్లలు అందరిదీ ఘోరమైన పాప జీవితమే. నా ఘోర పాపాలు చూసుకుంటే, చింతకాయలు దొంగిలించడం ఒకటి, కానుక పళ్లెంలో వేయమన్న పావలాకు ఐసు కొనుక్కోవడం రెండు. రెండోది నేను చెప్పలేదు. మా నాన్న ముందు వరసలో ఉన్నారు.

పరీక్ష గట్టెక్కింది. అసలు భయం ఏటి దగ్గర. తొలకరి పడి ఏరు నడుముల లోతు వచ్చాకే మాకు బాప్తిస్మాలు. ఎండాకాలమైతే చెలమ తవ్వుకుని బిందె నింపుకోవడమే గగనం. నీళ్లలో నిలబెట్టి పాస్టరుగారు మళ్లీ అడుగుతారు, గట్టిగా చెప్పాలి. వినేది సంఘం ఒక్కటే అయితే బాగుండేది. అవతలి గట్టున ఊరివాళ్లు గేదెలు కడుగుతుంటారు. వాళ్లలో నా తరగతి పిల్లలు. సోమవారం బడికి పోవాలి.

అమ్మ నా చీర కుచ్చిళ్లను మోకాళ్ల కింద నాడాతో కట్టింది, నీళ్లలో తేలిపోకుండా. పైట నిండా పిన్నీసులు. కంజిర, తాళాలు మోగుతున్నాయి. సంఘ పెద్ద చేయి పట్టి నన్ను దింపాడు. అడుగున ఇసుక జారిపోతోంది. "యేసుక్రీస్తును నీ సొంత రక్షకునిగా అంగీకరిస్తున్నావా?" అన్నారు పాస్టరుగారు. నా కళ్లు అవతలి గట్టు మీద. ఒక పిల్లవాడు గేదె వీపు మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. అవును అన్నాను. వినబడలేదు అన్నారు. అప్పుడు ఎందుకో రోషం వచ్చింది. దేవుడి మీది ప్రేమా, ఆ పిల్లవాడి మీది కోపమా అంటే ఇప్పటికీ విడదీసి చెప్పలేను. "అవును" అని అరిచాను. తండ్రి యొక్కయు కుమారుని యొక్కయు, అని చెవిలో పడేలోపే ఆకాశం వెనక్కి వాలిపోయింది. ముక్కులో నీళ్లు, నోట్లో ఇసుక.

లేచి తడబడుతూ వస్తుంటే గట్టు మీద బాబాయి. మూటలోంచి సరిగ్గా నా తువ్వాలే తీసి అమ్మకు అందించాడు.

*

ఆయన పని అది. ఎంతమంది మునిగినా వాళ్ల పొడి బట్టలు, తువ్వాళ్లు, చేతి గడియారాలు, చెవుల దిద్దులు ఆయన వశం. ఎవరి మూట ఎవరిదో చీటీ లేకుండా గుర్తుపట్టేవాడు. తాటాకు తడిక చాటున ఆడవాళ్లు బట్టలు మార్చుకుంటుంటే అటు వీపు తిప్పి కూర్చుని మూటలు అందించేవాడు. పాస్టరుగారు లేకుండా ఒకసారి బాప్తిస్మాలు జరిగాయి, పక్క ఊరి పాస్టరు వచ్చారు. బాబాయి లేకుండా ఎప్పుడూ జరగలేదు.

ఆయన మాత్రం మునగలేదు.

ఇది నాకు చాలాకాలం వింతగా అనిపించలేదు. పిల్లలకు పెద్దవాళ్లు ఎలా ఉంటే అలాగే లోకం. ప్రతి ఆదివారం చివరి బెంచీలో కూర్చునేవాడు. ప్రభు సంస్కారపు ఆదివారం, మునిగినవాళ్లు మాత్రమే తీసుకునే రొట్టె పళ్లెం, ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసం గిన్నెలు వరస వెంట వచ్చేవి. ఆయన అందుకుని, తాను తీసుకోకుండా పక్కవారికి జాగ్రత్తగా అందించేవాడు. ఒకసారి మా తమ్ముడు, "బాబాయ్, నీకు ఆకలి కాదా?" అని గట్టిగా అడిగి అమ్మ చేత దెబ్బ తిన్నాడు.

అసలు సంగతి పెద్దయ్యాక అమ్మ చెప్పింది. బాబాయికి ఇరవై ఏళ్లప్పుడు బాప్తిస్మపు జాబితాలో పేరు ఉంది. అదే నెలలో సర్కారు ఆఫీసు నుంచి ఉద్యోగానికి పిలుపు వచ్చింది, ఎస్సీ కోటాలో. 1950లో రాష్ట్రపతి పేరిట వచ్చిన ఉత్తర్వు ప్రకారం హిందువు అయితేనే షెడ్యూల్డు కులం. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుల మాట అలాగే ఉండిపోయింది. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకు ఉన్నది బీసీ-సీ కోటా, నూటికి ఒక ఉద్యోగం. గుడిలో మోకరించినా డొంక అవతల ఎవరూ మమ్మల్ని బావిలో చేద వేయనివ్వలేదు. కాగితానికి ఆ సంగతి అక్కరలేదు.

పక్క పల్లెలో ఒకతని మీద అప్పుడే ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారట, ఇతను కిరస్తానీ అని. సంఘ పుస్తకంలో పేరు చూపించి ఉద్యోగం ఊడగొట్టారు. ఆ కబురు విన్న రాత్రే ఒక మనిషి పాస్టరుగారి ఇంటికి వెళ్లి, జాబితాలోంచి బాబాయి పేరు తీయించింది. మా నాయనమ్మ. కూలి డబ్బులు ఆగిపోయాకే మునిగాం మేము అని వేలు చూపించే నాయనమ్మ.

ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ జీతంతోనే ఇద్దరు మేనత్తల పెళ్లిళ్లు జరిగాయి. నా నర్సు ట్రైనింగు ఫీజు కూడా అందులోదే.

మా నాన్న మిషన్ బడి పంతులు. కాగితాల మీద బాహాటంగా క్రైస్తవుడు. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు, సర్టిఫికెట్లలో ఒకరు బీసీ-సీ, ఒకరు ఎస్సీ. ఇద్దరి మధ్య దీని గురించి ఒక్క మాట నేను వినలేదు. పండుగకు పక్కపక్కనే కూర్చుని తినేవారు. కానీ బాప్తిస్మాల రోజున నాన్న ఎప్పుడూ ఏటికి దగ్గరగా నిలబడేవారు, బాబాయి మూటలతో వెనక. ఆ పది అడుగులు ఎవరూ కొలవలేదు కానీ ఎప్పుడూ ఉండేవి.

*

తరువాతి సంగతులు త్వరగా చెబుతాను. మల్లవరం దగ్గర రిజర్వాయరు పనులు నడుస్తున్న రోజుల నాటికి మా గుడి కూడా మారింది. స్లాబు వేశారు. వాక్యం చెప్పే వేదిక కింద తొట్టి కట్టి నీలం పలకలు అతికించారు. బోరు మోటారు వేస్తే అరగంటలో నిండుతుంది. ఎండాకాలంలోనూ బాప్తిస్మం ఇవ్వవచ్చు. అవతలి గట్టు లేదు, గేదెలు లేవు, చూసి నవ్వేవాళ్లు లేరు. పిల్లలకు సుఖమే. నాకు మాత్రం అది తలుపులు వేసుకుని చెప్పే రహస్యంలా అనిపిస్తుంది. వయసు మీద పడ్డవాళ్ల సణుగుడు అనుకోండి.

బాబాయి రిటైరైన ఏడాదే పాస్టరుగారి దగ్గరకు వెళ్లి బాప్తిస్మం అడిగాడు. అప్పటికి కొత్త పాస్టరు, బాబాయి కొడుకు ఈడువాడు. తొట్టిలో ఇస్తానంటే బాబాయి ఒప్పుకోలేదు. ఏరే కావాలన్నాడు. ఆ మాట నాకు ఫోనులో తెలిసి సెలవు పెట్టి వెళ్లాను.

పరీక్ష రాత్రి గుడి నిండింది. ఇప్పుడు ట్యూబులైట్లు. బాబాయి ఇస్త్రీ చొక్కాలో, చాప మీద చిన్నపిల్లల మధ్య కూర్చున్నాడు. ప్రశ్నలకు జవాబులు చెప్పాడు. కాగితం చూడకుండా, ఘోరమైన పాప జీవితం అనకుండా, రెండే ముక్కల్లో సాక్ష్యం ముగించాడు. పాస్టరు మామూలు ప్రకారం, "అభ్యంతరం ఉన్నవారు" అన్నాడు.

మా నాన్న లేచారు.

"అభ్యంతరం కాదు. ఒక ప్రశ్న. నోటితో ఒప్పుకోవాలని కదా వాక్యం. నీ ఉద్యోగం కాగితంలో ఏమని రాసి ఉందో ఇక్కడ నోటితో చెప్పు."

నా పక్కన అమ్మ చేయి బిగుసుకుంది. పాస్టరు ఏదో సర్దబోయాడు. బాబాయి ఆగమన్నట్లు చేయి ఎత్తి, అన్న వైపే తిరిగి చెప్పాడు.

"హిందువు అని రాసి ఉందన్నా. మాదిగ అని రాసి ఉంది. రెండోది నిజం. మొదటిది నేను రాయలేదు. రాస్తుంటే వద్దనలేదు. ముప్పై ఎనిమిదేళ్లు వద్దనలేదు."

కాస్త ఆగి, "నీకు దక్కనిది నేను తిన్నాను. అదీ ఒప్పుకుంటున్నాను" అన్నాడు.

నాన్న ఇంకేదో అంటారనుకున్నాను. అనలేదు. కూర్చోనూ లేదు. పాస్టరు చేతులు ఎత్తమన్నాడు. నేను తల దించుకునే చేయి ఎత్తాను. నాన్న చేయి లేచిందో లేదో చూడలేదు. అడగలేదు కూడా. ఇప్పుడు అడుగుదామంటే ఇద్దరూ లేరు.

మరునాడు పొద్దున ఏటికి చాలామందే వచ్చారు. నీళ్లు మునుపటిలా లేవు, మడుగు వెతుక్కుని దిగవలసి వచ్చింది. బాబాయి కళ్లద్దాలు, గడియారం, మడతపెట్టిన పొడి చొక్కా నా చేతికి ఇచ్చాడు. ట్రంకు పెట్టెలోని చొక్కా ఆయనకు పొట్ట దగ్గర బిగుతు. కలరా ఉండల వాసన నా దాకా వచ్చింది. పాస్టరు అంగీకరిస్తున్నారా అంటే అవును అన్నాడు. గట్టిగా చెప్పండి అంటే, "నిన్న చెప్పాను కదయ్యా" అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపే ముంచి లేపాడు.

వణుకుతూ గట్టెక్కాడు. చొక్కా నా చేతిలో ఉంది, గడియారం ఉంది. తువ్వాలు లేదు. ఎవరి దగ్గరా లేదు. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అందరి తువ్వాళ్లూ తెచ్చే మనిషి నీళ్లలో ఉన్నాడు మరి.

నాన్న వెనక తుమ్మచెట్టు కింద నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. నెమ్మదిగా నడిచి వచ్చి, భుజం మీది కండువా తీసి, ఏమీ అనకుండా చాచారు. బాబాయి తల, మెడ తుడుచుకున్నాడు. కండువా మొహానికి దగ్గరగా పెట్టుకుని ఒక్క క్షణం ఆగాడు.

"ఇది ఉతికి ఎన్నాళ్లయింది అన్నా?" అన్నాడు.